చమురు అన్వేషణ డేటాను 3డిలో చూడటం సొంతంగా నేర్చుకోవడం ఎలా? (తిరుపతి నుంచి ఒక విద్యార్థిని ప్రశ్న)

నగరి_రాయి:

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో భూవిజ్ఞానశాస్త్రంలో ఎమ్మెస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది నగరి. చమురు, సహజవాయువు అన్వేషణ రంగంలో పనిచేయాలన్నది నా కోరిక. ఆ రంగంలో ఉద్యోగ ప్రకటన ఏది చూసినా, సీస్మిక్ డేటాను (భూమిలోకి పంపిన తరంగాలు పొరలకు తగిలి తిరిగి వచ్చిన రికార్డు), వెల్ లాగ్‌లను (బావి లోతు వెంట తీసిన కొలతలు), హారిజన్లను (సీస్మిక్‌లో గుర్తించిన పొరల ఉపరితలాలు), ఫాల్ట్‌లను (పొరలు తెగి జరిగిన చోట్లు) ఒకే తెరమీదకు తెచ్చి 3డిలో చూపగలగాలనే షరతు కనిపిస్తోంది. మాకు సీస్మిక్ పద్ధతి సిద్ధాంతంగా చెప్పారు. పరీక్షలోనూ బాగానే రాశాను. కానీ ఒక నిజమైన సర్వే ఫైలును కంప్యూటర్లో తెరిచిన వాళ్ళు మా తరగతిలో ఒక్కరూ లేరు.

కిందటి వేసవి సెలవుల్లో ఇంట్లో ఒప్పించి ఒక ప్రైవేటు శిక్షణ సంస్థలో చేరాను. ఆరు వారాల పాటు ఒక ఖరీదైన సాఫ్ట్‌వేర్‌లో ఏ మెనూ తర్వాత ఏది నొక్కాలో చూపించి, ధ్రువపత్రం ఇచ్చి పంపించారు. ఆ లైసెన్సు ఇంటి దగ్గర ఉండదు కాబట్టి, నేర్చుకున్నది ఆ గది దాటి బయటకు రాలేదు.

అందుకని నెదర్లాండ్స్ సముద్ర ప్రాంతంలోని ఎఫ్3 బ్లాక్ డేటా ఉచితంగా దొరుకుతుందని తెలిసి, దించుకుని పైథాన్‌తో ప్రయత్నించాను. రెండు చోట్ల దెబ్బతిన్నాను. మొదటిది, సీస్మిక్ ఘనాన్ని తెరమీద గీసినప్పుడు అది దాదాపు బియ్యం డబ్బాలా వచ్చింది. మా మాస్టారు చూసి, "24 కిలోమీటర్ల పొడవు ఉండి రెండు కిలోమీటర్ల లోతు కూడా లేని సర్వే డబ్బాలా ఎలా ఉంటుందమ్మా?" అన్నారు. రెండోది, బావిని అందులో పెట్టబోతే అది భూమిలోకి దిగకుండా గుడి ముందరి ధ్వజస్తంభంలా ఆకాశంలోకి లేచి నిలబడింది. నా స్నేహితురాళ్ళు ఇప్పటికీ దానికి దండం పెడుతున్నారు.

నా దగ్గర 8 జీబీ మెమొరీ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ ఉంది. ఈ విద్యను ఏ వరుసలో నేర్చుకోవాలో, ఉచిత సాఫ్ట్‌వేర్‌లలో దేనితో మొదలుపెట్టాలో, ప్రోగ్రామింగ్ తప్పనిసరో కాదో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

పాత_పెన్సిలు:

అమ్మా, నేను కృష్ణా–గోదావరి బేసిన్‌లో చాలా ఏళ్లు సీస్మిక్ వ్యాఖ్యానం చేసి, పదవీ విరమణ తర్వాత తిరుపతిలో స్థిరపడ్డాను. మా తొలిరోజుల్లో 3డి అంటే తెర కాదు, బల్ల. పొడవాటి కాగితం సెక్షన్లను బల్లమీద పరుచుకుని, రంగు పెన్సిళ్ళతో ఒక్కొక్క పొరను గీసుకుంటూ పోయేవాళ్ళం. ఒక లైను మీద గీసిన గీత, దానికి అడ్డంగా వచ్చే లైను దగ్గర అదే మిల్లీసెకను వద్ద కలవాలి. చుట్టూ తిరిగి మొదలుపెట్టిన చోటికి వచ్చేసరికి కలవకపోతే, ఎక్కడో తప్పు పొర మీదకు జారిపోయామని అర్థం. దాన్ని మిస్-టై అనేవాళ్ళం, రబ్బరు తీసుకుని వెనక్కి నడిచేవాళ్ళం. ఈ సంగతి గొప్పకు చెప్పడం లేదు. మీకు ఎదురైన రెండు ఇబ్బందులూ ఆ రబ్బరు పని లాంటివే. సాఫ్ట్‌వేర్ రాకపోవడం వల్ల వచ్చినవి కావు, ఒక్కొక్క అంకె భూమిలో ఏ చోటుకు చెందుతుందో మనసులో స్థిరపడకముందే దాన్ని తెరమీదకు పంపడం వల్ల వచ్చినవి.

డబ్బా సంగతి చూద్దాం. ఎఫ్3 సర్వేలో ఒక దిక్కున సాగే ఇన్‌లైన్లు 651, వాటికి అడ్డంగా సాగే క్రాస్‌లైన్లు 951, ప్రతి ట్రేసులో (ఒక్క చోట నిలువుగా నమోదైన సిగ్నల్) 462 శాంపిళ్ళు ఉన్నాయి. ఇన్‌లైనుకూ ఇన్‌లైనుకూ మధ్య దూరం 25 మీటర్లు, క్రాస్‌లైన్ల మధ్యా అంతే. కానీ నిలువుగా శాంపిలుకూ శాంపిలుకూ మధ్య ఉన్నది 4 మిల్లీసెకన్లు. ధ్వని వేగం సెకనుకు 2,000 మీటర్లు అనుకుంటే, వెళ్ళి తిరిగి వచ్చే కాలంలో 4 మిల్లీసెకన్లంటే 4 మీటర్ల లోతు. మీరు ప్రోగ్రాముకు ఈ దూరాలేవీ చెప్పలేదు కాబట్టి అది మూడు దిక్కులా ఒకే దూరం వేసుకుంది, లోతు ఆరు రెట్లకు పైగా సాగిపోయింది. నిలువు సాగతీత తప్పు కాదు, మేమూ సాగదీసే చూస్తాం. ఎన్ని రెట్లు సాగదీశామో తెలియకపోవడమే తప్పు. 5 డిగ్రీల వాలు ఉన్న పొరను ఐదు రెట్లు సాగదీస్తే తెరమీద దాదాపు 24 డిగ్రీల వాలుగా కనిపిస్తుంది. అది చూసి కొండవాలు అనుకున్నవాళ్ళను నేను సమావేశాల్లో చూశాను.

ధ్వజస్తంభం విషయం ఇంకా సులువు. బావి డేటాలో లోతు కిందికి పోయేకొద్దీ పెరుగుతుంది, గ్రాఫిక్స్ ప్రోగ్రాముల్లో జెడ్ అక్షం పైకి పోయేకొద్దీ పెరుగుతుంది. గుర్తు మార్చాలి. అంతటితో తృప్తిపడవద్దు. బావి ఫైలులో ఉండేది తవ్విన పొడవు, అంటే మెజర్డ్ డెప్త్. బావి 30 డిగ్రీలు వాలి తిన్నగా 1,000 మీటర్లు తవ్వితే నిలువుగా దిగేది 866 మీటర్లే, పక్కకు జరిగేది 500 మీటర్లు. డైరెక్షనల్ సర్వేలోని (బావి ఎటు వాలిందో కొలిచిన పట్టిక) పొడవు, వాలు, దిశ అనే మూడు నిలువు వరుసలనుంచి దారిని కట్టుకోవాలి. కొలిచిన బిందువులను నునుపైన వంపులతో కలిపే మినిమమ్ కర్వేచర్ అనే పద్ధతిని ఒకసారి చేతితో చేసి చూడండి, తర్వాత కంప్యూటరుకు అప్పగించవచ్చు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది కాలానికీ లోతుకూ మధ్య ఉన్న తేడా. పైన ఎక్కడో 200 మీటర్ల మందాన, సెకనుకు 3,000 మీటర్ల వేగం ఉన్న గట్టి రాయి ఒక ముక్కగా ఉందనుకోండి. దాని చుట్టుపక్కల రాతిలో వేగం 2,500. ఆ ముక్కలోనుంచి తరంగం వెళ్ళి రావడానికి 133 మిల్లీసెకన్లు పడితే, పక్కన అదే మందానికి 160 పడుతుంది. ఆ 27 మిల్లీసెకన్ల తేడా వల్ల, కింద చదునుగా ఉన్న పొర కూడా ఆ ముక్క కింద 33 మీటర్ల గుట్టలా పైకి ఉబ్బి కనిపిస్తుంది. 3డి తెరమీద, వెలుగునీడలతో, ఎంత అందమైన గుట్టో! మా బృందం ఒకసారి సరిగ్గా అలాంటి గుట్టకు రంగులు వేసి పైవాళ్ళకు చూపించింది. లోతులోకి మార్చి చూసేసరికి గుట్టా లేదు, నూనె ఆశా లేదు. అదృష్టవశాత్తూ బావి తవ్వకముందే తెలిసింది.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతాను. మీరు ఉత్తర సముద్రం దాకా వెళ్ళకముందు అలిపిరి వైపు చూడండి. తిరుమల కొండల్లో కింద ఉన్నది అతి పాత గ్రానైటు, పైన నిటారుగా నిలిచిన గోడ మీ ఊరి పేరే పెట్టుకున్న నగరి క్వార్ట్‌జైటు. రెండింటికీ మధ్య ఉన్న ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీని (మధ్యకాలపు పొరలు లేకుండా పాత రాతి మీద కొత్త రాయి కూర్చున్న సరిహద్దు) భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించింది. ఆ ఒక్క గీత దగ్గర 50 కోట్ల సంవత్సరాల చరిత్ర లేకుండా పోయిందని లెక్క. సీస్మిక్‌లో మీరు జీవితమంతా వెతికే హారిజన్లలో ముఖ్యమైనవి ఇలాంటి ఉపరితలాలే. ఇక్కడ దాన్ని కళ్ళతో చూడవచ్చు. అంతరిక్షం నుంచి రాడార్‌తో కొలిచిన ఎస్‌ఆర్‌టీఎం అనే ఉచిత ఎత్తుల డేటాలో ఎన్13ఈ079 అనే ఒక్క పలకలోనే తిరుపతి, చిత్తూరు, నగరి మూడూ వస్తాయి. 3,601 వరుసలు, 3,601 నిలువు వరుసలు, అంతే. దాన్ని 3డిలో నిలబెట్టి, క్వార్ట్‌జైటు గోడ అడుగు ఎక్కడుందో మ్యాపు మీదా క్షేత్రంలోనూ గుర్తించిన పాతిక బిందువులను అందులో పెట్టి, వాటి గుండా ఒక ఉపరితలం గీయండి. అది నేలను కోసిన గీత నిజంగా గోడ అడుగున వస్తుందో లేదో బాలాజీ కాలనీ మేడమీద నిలబడి సరిచూసుకోవచ్చు. మీరు గీసిన హారిజనును ఇంత తేలికగా నిజంతో పోల్చుకునే అవకాశం ఆ తర్వాత మీకు మళ్ళీ రాదు.

ఒక హెచ్చరిక. ఆ డేటాలో అక్షాంశ రేఖాంశాలు డిగ్రీల్లోనూ, ఎత్తు మీటర్లలోనూ ఉంటాయి. అలాగే గీస్తే శేషాచలం కొండలు సూదుల్లా లేస్తాయి. ముందు మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలోని 44 ఉత్తర మండలంలోకి మార్చుకోండి.

చిత్తూరు_కోడు:

పెద్దాయన చెప్పినదానికి కంప్యూటరు వైపు నుంచి కొంత చేరుస్తాను. నేను భూవిజ్ఞాని కాను, ఒక సర్వీసు కంపెనీకి చిత్తూరు నుంచే ఇంటి దగ్గర కూర్చుని డేటా ప్రోగ్రాములు రాస్తుంటాను.

8 జీబీ చాలదేమోనని భయపడవద్దు. ఎఫ్3 మొత్తాన్ని శాంపిలుకు 4 బైట్ల చొప్పున లెక్కకడితే 1.14 జీబీ అవుతుంది. ఒక ఇన్‌లైను మాత్రమే చదివితే 2 ఎంబీ కూడా కాదు. సెగ్‌వైఐఓ అనే ఉచిత పైథాన్ లైబ్రరీ ఫైలంతా మెమొరీలోకి తీసుకోకుండా, అడిగిన లైనును మాత్రమే తెచ్చిపెడుతుంది. ఘనం మొత్తం ఒకేసారి తిప్పి చూడాలంటే విలువలను 8 బిట్లకు కుదించండి, నాలుగో వంతుకు దిగిపోతుంది. చూడటానికి అది చాలు. లెక్కలకు మాత్రం అసలు ఫైలునే వాడాలి.

సీస్మిక్ ఫైళ్ళు ఉండే సెగ్-వై ఫార్మాట్ 1975లో టేపుల కాలంలో పుట్టింది. ఆ వాసన ఇప్పటికీ పోలేదు. మొదట 3,200 బైట్ల అక్షరాల హెడరు (డేటా గురించిన వివరాల భాగం), తర్వాత 400 బైట్ల బైనరీ హెడరు, ఆ తర్వాత ప్రతి ట్రేసుకూ ముందు 240 బైట్ల హెడరు ఉంటాయి. 2002లో వచ్చిన సవరణ ప్రకారం ఇన్‌లైను సంఖ్య ట్రేసు హెడరులో 189వ బైటు దగ్గర, క్రాస్‌లైను సంఖ్య 193వ బైటు దగ్గర ఉండాలి. ఉండాలి అంటున్నాను, ఉంటాయని కాదు. పాత ఫైళ్ళలో ఎవరికి తోచిన చోట వాళ్ళు పెట్టారు. ఆ 3,200 బైట్ల హెడరును ముందుగా చదివితే, పెట్టినవాళ్ళు చాలాసార్లు అక్కడే చెప్పి ఉంటారు. నేను చదవకుండా రెండు రోజులు పోగొట్టుకున్న సందర్భం ఒకటుంది.

ఇంకో రెండు ఉచ్చులున్నాయి. శాంపిళ్ళు పాత ఐబీఎం తేలియాడే అంకెల పద్ధతిలో ఉంటే ఫార్మాట్ కోడ్ 1 అనీ, ఐఈఈఈ పద్ధతిలో ఉంటే 5 అనీ రాసి ఉంటుంది. ఒకదాన్ని మరొకటిగా చదివితే చిత్రం పూర్తిగా నాశనం కాదు. పొరలు లీలగా కనిపిస్తూనే ఉంటాయి, బలాలు మాత్రం అబద్ధం చెబుతాయి. అందుకే అది ఎక్కువ ప్రమాదం. రెండోది 71వ బైటు దగ్గర ఉండే కోఆర్డినేట్ స్కేలర్. అక్కడ మైనస్ 10 అని ఉంటే కోఆర్డినేట్లను పదితో భాగించాలి. మరిచిపోతే 24 కిలోమీటర్ల సర్వే 240 కిలోమీటర్లు అవుతుంది. మన దగ్గరైతే తిరుపతిలో మొదలై చెన్నై దాటి సముద్రంలో పడుతుంది.

తెరమీద గీయడానికి పైవిస్టా అనే పైథాన్ లైబ్రరీ సరిపోతుంది. దానికి అడుగున ఉన్నది 1993లో మొదలైన వీటీకే అనే గ్రాఫిక్స్ లైబ్రరీ. పారావ్యూ అనే 3డి ప్రోగ్రామును కూడా దాని మీదే కట్టారు కాబట్టి, పైవిస్టాలో సిద్ధం చేసిన ఫైలును పారావ్యూలో మౌసుతో తిప్పి చూసుకోవచ్చు. గ్రిడ్ తయారుచేసేటప్పుడు స్పేసింగ్ అన్న చోట 25, 25, 4 అని ఇచ్చి, జెడ్ దిశను కిందికి తిప్పండి. మీ డబ్బా అక్కడే పలక అయిపోతుంది. వెల్ లాగ్‌లు లాస్ అనే టెక్స్టు ఫైళ్ళుగా వస్తాయి, లాసియో అనే పైథాన్ లైబ్రరీతో తెరవండి. అందులో మైనస్ 999.25 కనిపిస్తే అది కొలత కాదు, కొలత లేదని చెప్పే గుర్తు. దాన్ని తీసెయ్యకుండా రంగులు వేస్తే బావి మొత్తం ఒకే రంగులో వచ్చి, ఒక్క చోట మాత్రం నల్లటి మచ్చ కనిపిస్తుంది.

ప్రోగ్రామింగ్ తప్పనిసరా అని అడిగారు. చూడటానికి తప్పనిసరి కాదు, ఓపెన్‌డీటెక్ట్ అనే సీస్మిక్ ప్రోగ్రాము ఉచితమే. ఎఫ్3 ప్రాజెక్టు దానికోసం తయారుగా కట్టినదే దొరుకుతుంది, తెరవగానే ఘనం, హారిజన్లు, బావులు అన్నీ సరైన చోట ఉంటాయి. కానీ నా సలహా వేరు. ఒకసారి అన్నీ మీ చేతులతో తప్పుగా పెట్టి, సరిచేసి, ఆ తర్వాత ఓపెన్‌డీటెక్ట్‌లో పోల్చి చూసుకోండి. రంగుల విషయంలో ఒక్క మాట. ఇంద్రధనుస్సు రంగుల పట్టీ వాడకండి. దానిలోని పసుపు చార మిగతావాటికంటే ఎక్కువ మెరుస్తుంది కాబట్టి, రాతిలో లేని సరిహద్దు కంటికి కనిపిస్తుంది.

బావిగట్టు:

పై ఇద్దరితో గౌరవంగా విభేదిస్తున్నాను. సీస్మిక్‌తో మొదలుపెడితే ఆరు నెలలు హెడర్లతోనే గడిచిపోతాయి. నేను రిజర్వాయరు సిమ్యులేషన్ వైపు, అంటే రాతిలో నూనె, నీళ్ళు ఎలా కదులుతాయో కంప్యూటర్లో లెక్కకట్టే వైపు పనిచేస్తాను. మా వైపు ఎస్‌పీఈ10 అనే నమూనా మోడల్ ఒకటి ఉచితంగా ఉంది. 60, 220, 85 గడుల చొప్పున మొత్తం 11,22,000 గడులు, ప్రతి గడికీ పోరాసిటీ (రాతిలో ఖాళీల వంతు), పర్మియబిలిటీ (రాతిలోంచి ద్రవం ఎంత తేలికగా పారుతుందో) ఉంటాయి. మోడల్ పొడవు 2,200 అడుగులు, వెడల్పు 1,200 అడుగులు, మందం 170 అడుగులు మాత్రమే. సాదా టెక్స్టు అంకెలే కాబట్టి ఒక సాయంత్రంలో తెరమీదకు వస్తుంది. పై 35 పొరలు ఒక తీరుగా, కింది 50 పొరల్లో పాత నదీ కాలువలు మెలికలు తిరుగుతూ ఉంటాయి. పర్మియబిలిటీ తక్కువ ఉన్న గడులను దాచేస్తే ఆ కాలువలు బయటపడతాయి. 3డి దేనికి అన్న ప్రశ్నకు నాకు సమాధానం దొరికింది అక్కడే. కాగితం మీద ఒక్కొక్క పొరను విడిగా చూస్తే కాలువలు ముక్కలుగా కనిపిస్తాయి. ఏ ముక్క ఏ ముక్కతో కలిసి ఉందో, నీళ్ళు ఒక బావినుంచి ఇంకో బావికి ఏ దారిన పోతాయో తిప్పి చూస్తేనే తెలుస్తుంది. ఇక్కడ కూడా పర్మియబిలిటీకి లాగరిథమ్ స్కేలు పెట్టడం మరచిపోకండి.

ఇలాంటి గ్రిడ్‌ల కోసం రెస్‌ఇన్‌సైట్ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. కొంచెం చేయి తిరిగాక, నార్వేలోని వోల్వ్ క్షేత్రం డేటా తీసుకోండి. 2008 నుంచి 2016 దాకా నూనె తీసి మూసివేసిన క్షేత్రం అది. 2018లో దాని డేటా మొత్తాన్ని, సుమారు 40,000 ఫైళ్ళను, బయటపెట్టారు. అంతా ఒకేసారి దించుకోబోకండి, హాస్టల్ వైఫై ఏడుస్తుంది.

పాత_పెన్సిలు:

బావిగట్టు గారి మాట కొట్టివేయను. ఉత్సాహం నిలబడటానికి ఎస్‌పీఈ10 మంచిదే. ఒక్క తేడా గుర్తుంచుకోవాలి. ఆ గడుల్లోని ప్రతి విలువనూ ఎవరో ముందే నింపి ఇచ్చారు. ఆ విలువ ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్న మీకు ఎదురుకాదు. ఉద్యోగంలో మీకు జీతం ఇచ్చేది ఆ ప్రశ్నకే.

నగరి_రాయి:

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. ముందు కొండ పని చేశాను. మొదటిసారి నేను గీసిన ఉపరితలం గోడ అడుగుకంటే దాదాపు 60 మీటర్లు కింద వచ్చింది. రాళ్ళు జారిపడిన వాలును క్వార్ట్‌జైటుగా గుర్తించి నాలుగు బిందువులు తప్పు పెట్టానని మేడమీదనుంచి చూస్తేనే తెలిసింది. అవి తీసేశాక సరిపోయింది.

తర్వాత ఎఫ్3కి వచ్చాను. స్పేసింగ్ ఇచ్చాక డబ్బా నిజంగానే పలకలా పడుకుంది, ధ్వజస్తంభం కిందికి దిగింది. అయితే బావిలో గుర్తించిన పొర పైభాగం సీస్మిక్ హారిజన్ మీద కూర్చోవడం లేదు. ఎక్కడ చూసినా దాదాపు ఒకే తేడాతో, 30 మిల్లీసెకన్ల మేర కిందికి ఉంటోంది. బావి మొత్తాన్ని 30 మిల్లీసెకన్లు పైకి జరిపితే చక్కగా కలుస్తోంది. అలా జరపవచ్చా?

పాత_పెన్సిలు:

జరపవద్దు. తేడా అంతటా ఒకేలా ఉందంటే అది వేగం తప్పు కాదు, వేగం తప్పైతే లోతుతో పాటు తేడా పెరిగేది. మీరు కొలత మొదలుపెట్టిన చోటే తప్పుంది. బావి లోతును సముద్రమట్టం నుంచి కొలవరమ్మా, రిగ్గు మీది కెల్లీ బుషింగ్ (డ్రిల్లింగ్ వేదిక మీది ఒక భాగం) నుంచి కొలుస్తారు. సీస్మిక్‌కు సున్నా సముద్రమట్టం. బుషింగ్ 30 మీటర్ల ఎత్తున ఉండి, వేగం 2,000 అయితే రానుపోను ఎంతవుతుందో లెక్కవేసుకోండి. లాస్ ఫైలు హెడరులో ఆ ఎత్తు రాసి ఉంటుంది, చూడండి.

నగరి_రాయి:

చూశాను సార్. హెడరులో రాసే ఉంది, నేనే చదవలేదు. ఆ ఎత్తు తీసివేశాక పొర హారిజన్ మీద కూర్చుంది. ఒక్క బావిలో మాత్రం ఇంకా 6 మిల్లీసెకన్లు మిగిలాయి, అక్కడ తేడా లోతుతో పాటు పెరుగుతోంది. చెక్‌షాట్ పట్టిక (బావిలో ఏ లోతుకు తరంగం ఎంత కాలంలో చేరిందో కొలిచిన లెక్క) తెరిచి కూర్చున్నాను.